లాటిన్ కోటు, సంస్కృత శాలువా

సాఫ్ట్‌వేర్ వాళ్లకి తరచూ కనబడే లాటిన్ ఒకటుంది. వెబ్‌పేజీ డిజైన్ చేసేటప్పుడు, అసలు మాటలు ఇంకా చేతికి రాకపోతే ఆ ఖాళీలో పోసే 'లోరెమ్ ఇప్సమ్'. క్రీ.పూ. 45లో సిసెరో రాసిన ఒక తత్త్వగ్రంథాన్ని అడ్డదిడ్డంగా కోస్తే వచ్చిన ముక్కలవి. 'లోరెమ్' అసలు మాటే కాదు. నొప్పి అనే అర్థమున్న 'దొలోరెమ్' తల తెగిపోగా మిగిలిన మొండెం. దాన్ని ఎవరూ చదవరు, చదవకూడదనే పెడతారు. పేజీ నిండుగా కనిపిస్తే చాలు.

కాలేజీల ముద్రల మీదా, క్లబ్బుల బ్యాడ్జీల మీదా ఉండే లాటిన్ ధ్యేయవాక్యాలు కూడా చాలావరకు ఇదే పని చేస్తుంటాయి. ముందు ఇంగ్లీషులో ఒక మాట అనుకుంటారు. అది మరీ మామూలుగా, ఏ సబ్బు ప్రకటనలోదో అన్నట్టు వినిపిస్తుంది. లాటిన్‌లోకి మార్చగానే దానికి రెండు వేల ఏళ్ల వయసు వచ్చేస్తుంది. మన దగ్గర ఇదే పనికి సంస్కృతం ఉంది. వాళ్లు కోటు తొడుగుతారు, మనం శాలువా కప్పుతాం.

అలాగని ఈ అలవాటుని ఎగతాళి చేసి వదిలేయాలని లేదు నాకు. నాలుగు మాటల ఇంగ్లీషుని లాటిన్‌లోకి మార్చే పని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తే, ఆ ఇంగ్లీషు ఏం దాచుకుందో బయటపడుతుంది. చివర చేతికొచ్చే లాటిన్ ముక్క కంటే దారిలో ఎదురయ్యే ప్రశ్నలే విలువైనవి. ఆ ప్రశ్నలకి జవాబులు చెప్పుకున్నాక చూస్తే, చాలాసార్లు మన మాట తెలుగులోనే నిలబడగలదని కూడా తేలుతుంది.

మా ఆఫీసులో కొత్తగా చేరిన బ్యాచ్ ఒకటి టీషర్టులు వేయించుకోవాలనుకుంది. వాటి మీదికి 'లెర్న్ బై డూయింగ్' అన్న మాట ఎంచుకున్నారు. "అన్నా, నువ్వు సాహిత్యం అదీ రాస్తావుగా, దీన్ని లాటిన్‌లోకి మార్చిపెట్టు" అని నా దగ్గరికి వచ్చారు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2010 నుంచీ లాటిన్ ఉంది కదా, అక్కడ కొట్టుకుంటే సరిపోదా అంటే సరిపోదు. అది తిరిగి మనల్ని ఏమీ అడగదు. ఒక జవాబు ఇచ్చేసి ఊరుకుంటుంది. లాటిన్ మాత్రం అడుగుతుంది. మా భాషలో చెప్పాలంటే ఇంగ్లీషులో వేరియబుల్‌కి టైప్ చెప్పకుండా లాగించెయ్యొచ్చు. లాటిన్ కంపైలర్ అలా ఒప్పుకోదు.

మొదటి ప్రశ్న: 'లెర్న్' అంటే ఏమిటి? నేర్చుకో, నేర్చుకోండి, నేర్చుకోవడం, నేర్చుకుంటాం - ఇందులో ఏది? లాటిన్‌లో ఒక్కోదానికి ఒక్కో రూపం. ఒక్కడికి చెబితే 'దిస్కె', పదిమందికి చెబితే 'దిస్కితె', నేర్చుకోవడం అనే పనికి 'దిస్కెరె', మేం నేర్చుకుంటాం అంటే 'దిస్కిముస్'. రెండో ప్రశ్న: 'డూయింగ్' అంటే ఏ చేయడం? లాటిన్‌లో 'ఫకెరె' అంటే చేయడంతో పాటు తయారు చేయడం కూడా, చేతిలో వస్తువు మిగిలే పని. 'అగెరె' అంటే పనిలో ఉండటం, నడిపించడం, వ్యవహరించడం. కుమ్మరి చేసేది మొదటిది, వకీలు చేసేది రెండోది. కోడ్ రాసేవాడు తనని ఎవరితో పోల్చుకుంటాడు?

కాలిఫోర్నియాలోని కాల్ పాలీ విశ్వవిద్యాలయం ధ్యేయవాక్యం సరిగ్గా ఈ ఇంగ్లీషు మాటే. వాళ్ల లాటిన్ 'దిస్కెరె ఫకియెందో'. అంటే కుమ్మరి వైపు మొగ్గారు. క్రియని మాత్రం ఎవరికీ గురిపెట్టకుండా 'నేర్చుకోవడం' దగ్గర ఆపారు. అది ఆజ్ఞా కాదు, ప్రతిజ్ఞా కాదు, పద్ధతికి పెట్టిన పేరు. ఇంగ్లీషు వింటే మాత్రం ఎవరో మనకి పని చెబుతున్నట్టు ఉంటుంది. ఈ రెంటికీ తేడా ఉందన్న సంగతి లాటిన్ వల్లే తెలిసింది.

మా కుర్రాళ్లని ఇవే ప్రశ్నలు అడిగాను. కాసేపు వాదించుకున్నారు. ఎవరికో నీతి చెబుతున్నట్టు వద్దు, మా గురించి మేం చెప్పుకుంటున్నట్టు ఉండాలన్నారు. టీషర్టు మీద 'ఫకియెందో దిస్కిముస్' అని పడింది. నాకు నచ్చింది ఆ లాటిన్ కాదు, ఆ కాసేపటి వాదన. ఇంకో సంగతి కూడా గమనించాను. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాడికి 'నేర్చుకో', 'నేర్చుకోండి' అన్న తేడా ఒక వ్యాకరణ పాఠం. మన కుర్రాళ్లకి అది ఇంటి దగ్గర నాన్నతోనూ తమ్ముడితోనూ రోజూ తేల్చుకునే వ్యవహారం. 'చేస్తూ నేర్చుకో' అంటే అయిపోయేది, రెండే మాటలు. సాధన గురించి వేమన పద్యం ఒకటి రాగంతోనూ వేపాకుతోనూ ఇదే విషయం ఏనాడో చెప్పేసింది. కానీ తెలుగులో వేయించుకోమంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. "మరీ స్కూల్ గోడ మీద రాసినట్టుంటుందన్నా" అన్నారు. ఆ మాట గురించి తర్వాత మాట్లాడదాం.

మద్రాసు లొయోలా కాలేజీ ధ్యేయవాక్యం 'లూకెయత్ లుక్స్ వెస్త్రా'. ఇంగ్లీషులో 'లెట్ యువర్ లైట్ షైన్'. మత్తయి సువార్తలోంచి వచ్చిన మాట. ఇందులో ఇంగ్లీషు 'యువర్' ఎవరిదో చెప్పదు. ఒక్క విద్యార్థిదా, అందరిదా? లాటిన్ 'వెస్త్రా' బహువచనం. ఒక్కరిదే అయితే 'తుఆ' అనాలి. అంటే వెలగాల్సింది ఒక్క ర్యాంకరు కాదు, గుంపు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఏకవచనానికి వేరే మాట ఉండేది కాబట్టి అప్పటి పాఠకుడికి 'యువర్' అనగానే బహువచనమని తెలిసేది. తర్వాత ఇంగ్లీషు ఆ తేడాని పోగొట్టుకుంది. తెలుగులో 'మీ వెలుగు' అంటే ఇంకో చిక్కు. పదిమందిదీ కావచ్చు, ఒక్క పెద్దాయనదీ కావచ్చు. మన భాష గౌరవం కోసం బహువచనాన్ని అప్పిచ్చి, తర్వాత ఎవరిది ఎంతో తేల్చలేక కూర్చుంటుంది. ప్రతి భాషకీ తాను దాచుకునేది ఒకటుంటుంది.

ఈమధ్య కాలంలో అందరి కళ్లముందూ జరిగిన అనువాదం ఒలింపిక్స్‌ది. 'సిటియస్, ఆల్టియస్, ఫోర్టియస్' అన్న పాత వాక్యానికి 2021 జూలై 20న టోక్యోలో 'టుగెదర్' అనే మాట చేర్చారు. లాటిన్‌లో దానికి 'కమ్యూనిటర్' అని పెట్టారు. అక్కడ వేరే మాటలు కూడా పెట్టొచ్చు. 'సిముల్' అంటే ఒకేసారి. 'ఊనా' అంటే కలిసికట్టుగా. 'కమ్యూనిటర్' అంటే ఉమ్మడిగా. పరుగుపందెంలో అందరూ ఎలాగూ 'ఒకేసారి'గానే పరిగెడతారు, దానికి ధ్యేయవాక్యం అక్కర్లేదు. గెలుపోటములు విడివిడిగా ఉన్నా ఆట ఉమ్మడిది అనడానికి మూడో మాటే సరైనది. తెలుగులోకి తెచ్చేటప్పుడు 'కలిసి' అనేస్తే చాలనుకుంటాం. లాటిన్ వెళ్లిన దారిలో వెళితే 'ఉమ్మడిగా' దొరుకుతుంది. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి ఆస్తి చూసినవాళ్లకి ఆ మాటలో ప్రేమతో పాటు పేచీ కూడా వినిపిస్తుంది. ఒలింపిక్స్‌కి అంతకంటే సరిపోయే మాట ఉంటుందనుకోను.

ఇప్పుడు మన సంగతి. 1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం ధ్యేయవాక్యం 'దోక్త్రీనా విమ్ ప్రోమోవెత్ ఇన్సితమ్'. పుట్టుకతో వచ్చిన శక్తిని చదువు ముందుకు నడుపుతుంది అని అర్థం. అప్పట్లో సర్కారు జిల్లాల్లో బి.ఏ. ప్యాసైన ప్రతివాడూ ఈ లాటిన్ ముద్ర కిందే పట్టభద్రుడయ్యాడు. ఇది రోమన్ కవి హోరేస్ రాసిన పాటల నాలుగో సంపుటంలోది. అక్కడ 'అయితే' అనే అర్థమిచ్చే చిన్న మాట ఒకటుంది. ధ్యేయవాక్యంలో దాన్ని తీసేశారు. ఆ ఒక్క మాట తీసేస్తే పాట సందర్భం మొత్తం మాయమవుతుంది. అది చక్రవర్తి అగస్టస్ సవతి కొడుకు ద్రూసుస్ విజయాన్ని పొగిడే పాట. వీరులు వీరులకే పుడతారు, మంచి జాతి గుర్రానికి మంచి జాతి లక్షణాలే వస్తాయి అన్న ధోరణిలో సాగి, 'అయితే' చదువు కూడా కావాలి అంటుంది. అంటే 'పుట్టుకతో వచ్చిన శక్తి' అన్నచోట కవి మనసులో ఉన్నది ప్రతిభ మాత్రమే కాదు, వంశం కూడా.

కులం పేరడిగి బడి మెట్టు ఎక్కనిచ్చే సమాజంలో, వంశాన్ని పొగిడే పాటలోంచి తెంపిన వాక్యం చదువుకి ముద్ర అయింది. ఎవరూ కావాలని చేసి ఉండకపోవచ్చు. విడిగా చదివితే ఆ వాక్యం మంచిదే, ప్రతి పిల్లవాడిలోనూ ఏదో శక్తి ఉందని చెప్పడానికి వాడుకోవచ్చు. కానీ అది ఎక్కడిదో, ఏమంటోందో అడిగే వీలు దాని కింద నిలబడ్డవాళ్లలో ఎంతమందికి ఉంది? చదవలేని భాషలో ఉన్న వాక్యంతో వాదించలేం. కోటు చేసే అసలు హాని అక్కడుంది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. మొదట పెట్టింది మా బెజవాడలోనే, 1930లో విశాఖపట్నం వెళ్లింది. తెలుగువాళ్లకి విడిగా విశ్వవిద్యాలయం కావాలన్న కోరికలోంచి పుట్టింది. మొదటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. కేంబ్రిడ్జిలో చదువుకుని వచ్చి, 'కవిత్వ తత్త్వ విచారము'తో తెలుగు విమర్శకి కొత్త దారి వేసిన మనిషి. ఆ విశ్వవిద్యాలయం లాటిన్ కోటు విప్పేసింది. బదులుగా 'తేజస్వి నావధీతమస్తు' అన్న తైత్తిరీయోపనిషత్తు మాట కప్పుకుంది. ముద్ర మీద ఉదయిస్తున్న సూర్యుడు. లాటిన్ పోయి తెలుగు వస్తుందనుకున్నచోట సంస్కృతం వచ్చింది. ఆ రోజుల్లో అది పెద్ద మార్పే. మన గౌరవానికి మన గడ్డ మీది పాత భాషే సాక్ష్యం చెబుతుందన్న ధైర్యం అది. తర్వాత వచ్చినవి కూడా అదే దారి పట్టాయి. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయానికి 'జ్ఞానం సమ్యగవేక్షణం', ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న నాగార్జున విశ్వవిద్యాలయానికి 'సత్యే సర్వం ప్రతిష్ఠితం'.

ఆంధ్ర విశ్వవిద్యాలయం వాక్యాన్ని విప్పి చూస్తే ఒక చిన్న అద్భుతం కనిపిస్తుంది. 'తేజస్వి', 'నౌ', 'అధీతం', 'అస్తు'. ఇందులో 'నౌ' ద్వివచనం. మన ఇద్దరిదీ అని. ఆ ఇద్దరూ గురువూ, శిష్యుడూ. 'అధీతం' అంటే చదివినది. మనం ఇద్దరం కలిసి చదివింది తేజస్సుతో ఉండుగాక అని అర్థం. గురువు కూడా చదువుతున్నవాడే అని ఆ ఒక్క అక్షరపు ద్వివచనం చెబుతోంది. మామూలుగా ఈ వాక్యానికి ఇంగ్లీషులో చెప్పే భావం ఏమిటంటే, దివ్యమైన వెలుగు మా చదువుల మీద ప్రసరించాలి అని. ఇందులో ఇద్దరు పోయారు. పై నుంచి పడే ఒక వెలుగు కొత్తగా వచ్చింది. మూలంలో వెలగాల్సింది చదువే, పై నుంచి ఎవరూ దీపం పట్టుకోలేదు.

లాటిన్‌లో ప్రయత్నించి చూశాను. లాటిన్‌కి ద్వివచనం లేదు కానీ 'ఇద్దరం' అనే మాట ఉంది. 'క్లారుమ్ సిత్ క్వోద్ అంబో దిదికిముస్' అనొచ్చు. ఇద్దరం నేర్చుకున్నది వెలగాలి అని. అర్థం వచ్చింది కానీ ఆ ఇద్దరు ఎవరో తెలియదు. వింటున్న నువ్వు అందులో ఉన్నావో లేదో లాటిన్ చెప్పలేదు. ఇంగ్లీషు చెప్పలేదు. నిజానికి సంస్కృతం 'నౌ' కూడా చెప్పలేదు, సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. మనకి మాత్రం 'మన', 'మా' ఉన్నాయి. మా ఇద్దరిదీ అంటే నువ్వు బయట. మన ఇద్దరిదీ అంటే నువ్వు లోపల. 'మనిద్దరం చదివింది వెలగాలి.' మూడు మాటలు. విడదీస్తే సంస్కృతానివి నాలుగు. గురువు ఎదుట కూర్చున్న పిల్లని ఆ 'మన' తన పక్కకి లాక్కుంటుంది. తొంభై తొమ్మిది మంది అర్థం చేసుకోలేని వాక్యం నుంచి మొదలుపెడితే, ప్రతి ఒక్కరికీ తెలిసిన వాక్యం దగ్గరికి వచ్చాం. వచ్చేటప్పుడు బరువేమీ తగ్గలేదు. మూలంలో లేని ఒక స్పష్టత కలిసొచ్చింది.

దీనికి ఎదురు వాదన ఉంది, అందులో బలం కూడా ఉంది. పాత భాష మారదు. వాడుక మాట పదేళ్లకి పాతబడుతుంది, ఇంకో పదేళ్లకి వేరే అర్థం తెచ్చుకుంటుంది. పైగా పది భాషలవాళ్లు చదివే చోట ఎవరి ఇంటిదీ కాని భాష అయితే పేచీ ఉండదు. లాటిన్ విషయంలో ఈ రెండో మాట కొంతవరకు ఒప్పుకోవచ్చు. సంస్కృతం విషయంలో ఒప్పుకోవడం కష్టం. ఎవరి ఇంటిదీ కాని భాష కాదది. కొన్ని ఇళ్లదే అని చాలాకాలం కాపలా కాసిన భాష. వేదమంత్రం వినడానికే అర్హత అడిగిన చోట, ఆ మంత్రంలోని మాటనే అందరి చదువుకీ ముద్రగా పెట్టడాన్ని రెండు రకాలుగా చూడొచ్చు. తలుపు తెరిచారనుకోవచ్చు. తాళంచెవి ఇవ్వకుండా తలుపు బొమ్మ చూపించారనీ అనుకోవచ్చు. ఏది నిజమనేది ఆ వాక్యం అర్థాన్ని విద్యార్థులకి ఎవరైనా విప్పి చెప్పారా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

అర్థం తెలియకపోయినా ధ్వని చాలనుకునే చోట దొంగ లాటిన్ పుడుతుంది. రెండో ప్రపంచయుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యంలో 'ఇల్లెజితిమి నాన్ కార్బొరండమ్' అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. ఆ వెధవల చేతిలో నలిగిపోకు అని దాని ఉద్దేశం. అందులో 'కార్బొరండమ్' అసలు లాటిన్ క్రియే కాదు, సానబట్టడానికి వాడే పదార్థం వ్యాపారనామం. చివర లాటిన్ తోకలా వినిపిస్తోందని తగిలించేశారు. మన దగ్గర ఈ విద్యకి శిఖరం 1957 నాటి 'మాయాబజార్'. పింగళి నాగేంద్రరావు రాసిన ఆ మాటల్లో 'అస్మదీయులు' అన్న అసలు సంస్కృతం రాక్షసుల నోట 'అసమదీయులు' అయింది. దానికి జతగా నిఘంటువులో లేని 'తసమదీయులు' పుట్టింది. వ్యాకరణం ఒప్పుకోదు, తెలుగువాళ్లు మాత్రం ఒప్పుకున్నారు. ఇప్పటికీ రాజకీయ వార్తల్లో ఆ జంట కనిపిస్తూనే ఉంటుంది. శాలువాని పింగళి తిరగేసి కప్పి నవ్వించాడు. నవ్వాం కాబట్టి ఆ మాటలు మనవయ్యాయి.

ఇంక తెలుగు ధ్యేయవాక్యాలు లేవా అంటే, బోలెడు. మా భవానీపురం మీదుగా హైదరాబాద్ వైపు వెళ్లే రోడ్డు పక్కన పది నిమిషాలు నిలబడితే లారీల వెనకా ఆటోల వెనకా చదువుకోవచ్చు. అందరికీ తెలిసినది: 'నన్ను చూసి ఏడవకురా'. దీన్ని ఎదురుదిశలో, తెలుగు నుంచి లాటిన్‌లోకి మార్చి చూశాను. 'నోలి మిహి ఇన్విదేరె' అనాలి. 'ఇన్విదేరె' అంటే అసూయపడటం. దాన్ని విడదీస్తే లోపల 'చూడటం' ఉంది, చెడుచూపు చూడటం. అంటే ఆటోవాడి 'చూసి' రోమన్ల క్రియలో అప్పటికే కూర్చుని ఉంది. మనం దృష్టిని 'దిష్టి' చేసుకున్నట్టే, వాళ్లు చూపులోంచి అసూయని తీశారు. మా వృత్తివాళ్లకి ఇంకో సరదా సంగతి: ఎన్విడియా అనే చిప్పుల కంపెనీ పేరుకి ఆధారం కూడా అసూయ అనే అర్థమున్న ఇదే లాటిన్ కుటుంబపు మాట. ప్రపంచంలో ఖరీదైన కంపెనీల్లో ఒకటీ, బెజవాడ ఆటో ఒకటీ ఒకే ధ్యేయవాక్యం కింద నడుస్తున్నాయి.

లాటిన్‌లోకి రానిది ఒకటే, చివరి 'రా'. అసూయపడేవాణ్ని శత్రువుగా కాక పక్కవీధి కుర్రాడిగా మార్చేది ఆ అక్షరమే. 'మిత్రమా' అని పెడితే మర్యాద ఎక్కువైపోతుంది. 'రా' పోతే వాక్యం శాపంలా వినిపిస్తుంది, ఉంటే వేళాకోళం.

మా కుర్రాళ్లు 'స్కూల్ గోడ మీద రాసినట్టుంటుంది' అన్నది ఇప్పుడు చూద్దాం. అందులో నిజముంది. మన గోడల మీది సూక్తులు చాలావరకు పిల్లలకి పైనుంచి చెప్పే నీతులు. 'మొక్కలు నాటుము', 'సత్యమునే పలుకుము' తరహా 'ము'లతో నిండిన తెలుగు. అది కూడా ఒక శాలువానే, కాకపోతే నేత కొంచెం ముతక. తెలుగు ధ్యేయవాక్యానికి పనికిరాదని మనకి అనిపించడానికి కారణం తెలుగు కాదు, ఆ 'ము'. గురజాడ 'దేశభక్తి'లో మట్టినీ మనుషులనీ కలిపి చెప్పిన మాట ఏళ్ల తరబడి సభల్లోనూ బ్యానర్ల మీదా తిరుగుతున్నా గోడ సూక్తిలా వినిపించదు. అందులో ఉన్నది పక్కన నిలబడి పిలిచే గొంతు. లారీ వెనక ఉన్నది కూడా ఆ గొంతే.

అందుకని ఎవరైనా ఇంగ్లీషు మాట తెచ్చి లాటిన్‌లోకో సంస్కృతంలోకో మార్చిపెట్టమంటే కాదనక్కర్లేదు. ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. ఎవరు, ఎవరితో అంటున్నారు? ఒక్కరా, పదిమందా? ఏ చేయడం, ఏ కలవడం? వింటున్నవాడు 'మన'లో ఉన్నాడా, 'మా'కి అవతల ఉన్నాడా? చివరి ప్రశ్న లాటిన్ అడగదు, సంస్కృతం అడగదు. మన భాష మాత్రమే అడుగుతుంది. చదువు చెప్పే చోటుకి అంతకంటే ముఖ్యమైన ప్రశ్న నాకు కనిపించడం లేదు.